హోమ్ నుంచి ఇంటికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నేరం చేసి, కొంతకాలం ప్రభుత్వ హోమ్‌లో గడిపి తిరిగొచ్చిన పిల్లల గురించి రాయమని గత సంచికలో కోరాం. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు గానీ ఊళ్ల పేర్లు గానీ వేయడం లేదు, ఆనవాలు పట్టించే వివరాలు కొన్ని మార్చాం. ఇది మర్యాద కోసం మాత్రమే చేసిన పని కాదు. కేసులో ఉన్న పిల్లవాడు ఎవరో తెలిసిపోయేలా పత్రికలో అచ్చువేస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చని 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. జవాబులు రాసినవారు రాయలసీమలో, పద్దెనిమిది నిండని పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డులో సామాజిక సభ్యురాలిగా పనిచేసిన న్యాయవాది.

ప్రశ్న: మాది ఆదోని దగ్గర ఒక పల్లె. మా చిన్నవాడికి పదిహేడు నిండాయి. తనకంటే పెద్దవాళ్లతో తిరిగి మోటారు సైకిళ్ల దొంగతనం కేసులో ఇరుక్కుంటే బోర్డు వాళ్లు ఏడాది పాటు, తప్పు తేలిన పిల్లల్ని ఉంచే స్పెషల్ హోమ్‌కు పంపారు. ఇంకో రెండు నెలల్లో వస్తాడు. అప్పటికి నేనూ మా ఆయనా మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) పోయే కాలం. వాణ్ణి ఊళ్లో ఒక్కణ్ణే వదలాలంటే భయంగా ఉంది. వెంట తీసుకుపోదామంటే గుంపులో నలుగురూ నాలుగు మాటలంటారేమోనని దిగులు. బెంగళూరులో మా తమ్ముడు సెంట్రింగ్ పని చేస్తాడు. హోమ్ నుంచి నేరుగా అక్కడికే పంపేస్తే మంచిదా?

జవాబు: అమ్మా, రెండు నెలల ముందే అడిగారు, చాలా మేలు. చాలామంది తల్లిదండ్రులు పిల్లవాడు ఇంటికొచ్చి, ఏదో గొడవై, మళ్లీ స్టేషన్ నుంచి పిలుపు వచ్చాక గానీ మా దగ్గరికి రారు. హోమ్‌లో ఉన్న ప్రతి పిల్లవాడి పేరా ఒక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి. వాడి చదువు, ఆరోగ్యం, నేర్చుకున్న పని, ఇంటి పరిస్థితి అందులో రాస్తారు. విడుదలకు ముందు రాసే నివేదిక, విడుదలయ్యాక ఎలా ఉన్నాడో చూసి రాసే నివేదిక కూడా అందులో భాగాలే. అది కాగితం మీద నింపి పక్కన పెట్టేసే ఫారంగా మిగలకుండా ఉండాలంటే, ఎవరో ఒకరు వెళ్లి అడుగుతూ ఉండాలి. ఈ వారంలోనే ఒక పూట కూలి పోయినా సరే, మీరిద్దరూ హోమ్‌కు వెళ్లి ప్రొబేషన్ అధికారిని (పిల్లవాడి నడవడిక గమనించి బోర్డుకు నివేదిక ఇచ్చే అధికారిని) కలవండి. మీవాడి ప్రణాళికలో ఏం రాశారో చదివి వినిపించమనండి, మీరు సుగ్గికి పోయే కాలం సంగతి అందులో రాయించండి. వాడి పేరు మీద బ్యాంకు ఖాతా ఉందో లేదో, హోమ్‌లో నేర్చుకున్న పనికి ధ్రువపత్రం ఇస్తారో లేదో, ఆధార్, కుల ధ్రువపత్రం, బడి సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయో అప్పుడే తేల్చుకోండి. ఆధార్‌కు ఇప్పుడు వాడుకలో లేని ఫోన్ నంబరు కలిపి ఉంటే వాడు వచ్చాక ఏ పనీ ముందుకు సాగదు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నేను చూసిన పిల్లల్లో కొందరికి పనిలో చేరడం ఆలస్యమైంది ఇందువల్లే.

ఇంకో రెండు వీలులు మీకు తెలియాలి. దగ్గరి బంధువుల పెళ్లి, పరీక్ష, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేయడం వంటి సందర్భాల్లో, ప్రయాణానికి పట్టే రోజులు కాక మామూలుగా ఏడు రోజులకు మించకుండా, పిల్లవాణ్ణి సెలవు మీద పంపేందుకు జువైనల్ జస్టిస్ చట్టం 98వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అలాగే ప్రొబేషన్ అధికారి నివేదిక అనుకూలంగా ఉంటే, మిగిలిన గడువు పూర్తి కాకముందే షరతులతో గానీ షరతులు లేకుండా గానీ విడుదల చేసే అధికారం 97వ సెక్షన్ కింద బోర్డుకు ఉంది. మీరు ఊళ్లో ఉన్న కాలంలోనే వాడు ఇల్లు చేరితే, సుగ్గికి కదిలేలోగా కొన్ని వారాలు తల్లిదండ్రుల మధ్య ఉంటాడు. ఈ కారణం చూపించి అర్జీ పెట్టుకోండి. ఒప్పుకొని తీరతారని చెప్పలేను గానీ, సబబైన కారణమే.

ఇక బెంగళూరు సంగతి. హోమ్ గేటు దగ్గర నుంచి నేరుగా బస్సెక్కించడం నాకు సమ్మతం కాదు. ఏడాది పాటు గంట కొడితే లేచి, గంట కొడితే తిని, వరసలో నిలబడటానికి అలవాటుపడ్డ పిల్లవాడు ఇంటికొచ్చిన కొత్తలో మంచినీళ్లు తాగడానికి కూడా లేచి నిలబడి అడుగుతాడు. తెల్లవారుజామునే లేచి ఏం చేయాలో తోచక మంచం అంచున కూర్చుంటాడు. దీపం ఆర్పితే నిద్రపట్టనివాళ్లూ ఉంటారు. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి పరాయి రాష్ట్రంలో, పగలు సెంట్రింగ్, రాత్రి పదిమంది కూలీలు పడుకునే రేకుల షెడ్డు మధ్యకు పంపితే, వాడి మీద కన్ను వేసి ఉంచేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా షరతులతో విడుదలై ఉంటే బోర్డుకు చెప్పకుండా జిల్లా దాటించడం షరతు తప్పినట్టే అవుతుంది, మళ్లీ హోమ్‌కు పంపే ప్రమాదం ఉంటుంది.

అయితే మీ ఆలోచనలో న్యాయం లేదని కాదు. వాడితో కలిసి బండ్లు ఎత్తుకుపోయిన ఆ పెద్దవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? బెయిల్ మీద ఊళ్లోనే తిరుగుతుంటే, మీరు సుగ్గికి పోయిన రెండో రోజే వాళ్లు మీ గడపలోకి వస్తారు. అలాంటప్పుడు ఊరు మార్చడమే మంచిది. ముందు ఇంట్లో కొన్నాళ్లు ఉండనిచ్చి, మీ తమ్ముణ్ణి ఒకసారి ఊరికి రప్పించి, బాధ్యత తీసుకుంటానని అతని నోటితో అనిపించి, ప్రొబేషన్ అధికారికి ఆ చిరునామా రాసిచ్చి పంపండి. ఆ పెద్దవాళ్లు ఊళ్లో లేకపోతే మాత్రం వాణ్ణి మీ వెంటే సుగ్గికి తీసుకుపొండి. గుంపు మేస్త్రీకి ముందే ఉన్నదున్నట్టు చెప్పండి. మిగతా వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఎవరైనా అడిగితే, "తప్పు జరిగింది, బోర్డు చెప్పిన గడువు ముగించుకొని వచ్చాడు" అన్న ఒక్క మాట చాలు. అంతకుమించి వివరాలు అడిగే హక్కు ఎవరికీ లేదు, చెప్పాల్సిన పూచీ మీకూ లేదు.

ఇరుగుపొరుగు ఏం చేస్తారో కూడా తెలిసి ఉండటం మంచిది. మీవాడు అరుగు ఎక్కగానే మేకుకు తగిలించిన బండి తాళం తీసి జేబులో వేసుకుంటారు. నోటితో ఏమీ అనరు. పిల్లవాడికి అది చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగులుతుంది. ఇలా జరుగుతుందని ముందే వాడికి చెప్పి ఉంచండి, జరిగిన రోజు సాయంత్రం వాడితో మాట్లాడండి. పాత సంగతులు మాత్రం రోజూ తవ్వకండి. చేతికి డబ్బు కొద్దికొద్దిగా ఇస్తూ, ఖర్చు లెక్క అడగండి గానీ జేబులు వెతకకండి.

మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు స్పాన్సర్‌షిప్‌గా, పద్దెనిమిది నిండి సంస్థల నుంచి బయటికి వచ్చేవారికి ఆఫ్టర్ కేర్‌గా నెలకు నాలుగు వేల రూపాయల సాయం ఉంది. కర్నూలులో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వండి. మంజూరు కమిటీ నిర్ణయం మీద ఆధారపడింది కాబట్టి, చేతికి అందేదాకా దాన్ని రాబడిలో లెక్కవేసుకోవద్దు.

ప్రశ్న: నేను కడప జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు కొంతకాలం, విచారణ సాగేటప్పుడు పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో ఉండి తిరిగి బడికి వస్తున్నాడు. వాడికి టీసీ ఇచ్చి పంపేయమని కొందరు తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. తరగతి వాట్సాప్ గ్రూపులో ఒకాయన వాడి ఫోటో కూడా పెట్టాడు. నేనేం చేయాలి?

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఫోటో తీయించండి. జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పత్రికలకు, టీవీలకు మాత్రమే వర్తించేది కాదు, ఇతర సమాచార సాధనాలన్నీ అందులోకి వస్తాయి. ఫోటో పెట్టిన పెద్దమనిషిని పిలిచి శిక్ష ఎంతో చెబితే చాలావరకు అక్కడే సద్దుమణుగుతుంది. ఆయన తీసేశాక గ్రూపులో దాని మీద చర్చ జరగనివ్వకండి.

టీసీ విషయంలో మెత్తబడకండి. ఇలాంటి పిల్లల పాత రికార్డును చెరిపి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలన్నది ఆ చట్టం మూడో సెక్షన్‌లోనే రాసిన సూత్రం. తల్లిదండ్రులు సంతకాలు సేకరించి తెచ్చినంత మాత్రాన దాన్ని పక్కన పెట్టే వీలు మీకు లేదు. కుటుంబమే స్వయంగా వేరే బడి కోరుకుంటే ఇవ్వండి, అప్పుడు కూడా ప్రవర్తన గడిలో హోమ్ ఊసు గానీ కేసు ఊసు గానీ రాయకండి. అందరికీ రాసేదే వాడికీ రాయండి. పద్నాలుగేళ్లు నిండినవారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయవచ్చన్నది నిజమే. ఎన్నో ఏళ్లు బడికి దూరమైన పిల్లలకు అది మంచి దారి. కానీ రోజూ బడికి రావాలని కోరుకుంటున్న వాణ్ణి ఆ పేరు చెప్పి సాగనంపడం మర్యాదగా గెంటేయడమే.

తరగతిలో రెండు పొరపాట్లు జరగకుండా చూడండి. నమ్మకం చూపిస్తున్నామంటూ వాణ్ణి వెంటనే క్లాస్ లీడర్ చేయడం ఒకటి. ఉపాధ్యాయులు మంచి మనసుతోనే చేస్తారు గానీ, వాడి మీద నలభై జతల కళ్లు పడటం తప్ప అందువల్ల ఒరిగేదేమీ లేదు. తరగతిలో ఏదైనా పోయినప్పుడు మొదట వాడి సంచి వెతకడం రెండోది. పోయిన వస్తువు విషయంలో అందరికీ ఒకే పద్ధతి పెట్టుకోండి, వాడు వచ్చే ముందు ఏ పద్ధతి ఉండేదో అదే. బడికి రాని రోజుల పాఠాల్లో వెనకబడి ఉంటాడు కాబట్టి లెక్కలు, ఇంగ్లీషు చెప్పే ఇద్దరు ఉపాధ్యాయులకు మాత్రం విషయం చెప్పి, బడి వదిలాక కాసేపు కూర్చోబెట్టమనండి. అది వాడికి లీడర్ పదవి కంటే ఎక్కువ గౌరవం.

ప్రశ్న: నాది అనంతపురం జిల్లా. నాకు పదహారేళ్ల వయసులో కాలేజీ గొడవలో కేసు పెట్టారు, జువైనల్ బోర్డు నన్ను కొద్దికాలం హోమ్‌లో ఉంచి, తర్వాత మంచి నడవడిక షరతు మీద వదిలింది. ఇప్పుడు నాకు ఇరవై రెండు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాను. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా అని ఆ ఫారంలో అడుగుతారట. లేదని రాస్తే తర్వాత తీసేస్తారని ఒకరు, ఉందని రాస్తే అసలే తీసుకోరని మరొకరు అంటున్నారు. అదే గొడవలో నా స్నేహితుడికి అప్పటికి పందొమ్మిదేళ్లు. వాడు జైలుకు వెళ్లొచ్చాడు. వాడి సంగతి కూడా చెప్పగలరు.

జవాబు: మీకు సలహా ఇచ్చిన ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. చట్టం ఏం చెబుతుందో ముందు చూద్దాం. జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద విచారణ జరిగిన పిల్లవాడికి ఆ నేరం కారణంగా వేరే ఏ చట్టంలోనైనా వచ్చే అనర్హత అంటదు. అప్పీలు గడువు గానీ, నిబంధనల్లో చెప్పిన ఏడేళ్ల కాలం గానీ దాటాక ఆ రికార్డును ధ్వంసం చేయాలి. కేసు ముగిశాక పిల్లవాడి రికార్డును నడవడిక ధ్రువపత్రం కోసం గానీ మరొకందుకు గానీ పోలీసులు బయటపెట్టకూడదని 74వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. దీనికి ఒక మినహాయింపు ఉంది: కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోర నేరంలో పదహారు నిండినవాణ్ణి చిల్డ్రన్స్ కోర్టు పెద్దవాడిగా విచారించి దోషిగా తేల్చితే ఈ రక్షణ ఉండదు. మీరు చెప్పినదాన్నిబట్టి మీ కేసు బోర్డు దగ్గరే ముగిసింది కాబట్టి మినహాయింపు మీకు వర్తించదు.

సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఉద్యోగానికి ఎంపికైన ఒక యువకుడి విషయంలో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. మైనర్‌గా ఉన్నప్పటి కేసును పట్టుకొని అతణ్ణి తిరస్కరించడం కుదరదని, ఆ వయసులో శిక్షే పడి ఉన్నా దాని మచ్చ తుడిచేయాలన్నది చట్టం ఉద్దేశమని కోర్టు అభిప్రాయపడింది. మరోవైపు 2016లో అవతార్ సింగ్ కేసులో, ఉద్యోగ ఫారంలో అడిగిన సమాచారం నిజంగా ఉండాలని, దాచడం ఉండకూడదని అదే న్యాయస్థానం చెప్పింది. ఈ రెండింటినీ కలిపి చదివితే నేను ఇచ్చే సలహా ఇది: అబద్ధం రాయకండి, గడి ఖాళీగానూ వదలకండి. బోర్డు ఇచ్చిన తుది ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి ముందే తెచ్చుకోండి. ఫలానా తేదీన మైనర్‌గా ఉండగా జువైనల్ జస్టిస్ చట్టం కింద విచారణ ముగిసింది, 24వ సెక్షన్ ప్రకారం ఎటువంటి అనర్హతా లేదు అని రాసి, ఆ ప్రతి జతచేయండి. చెప్పాల్సిన అవసరమే లేదని వాదించే న్యాయవాదులు ఉన్నారు, వాదనకు బలం కూడా ఉంది. కానీ నియామకం ఆగిపోయి ఏళ్ల తరబడి హైకోర్టు చుట్టూ తిరిగే ఓపిక, డబ్బు మీకు ఉన్నాయా అన్నది నా ప్రశ్న. నిజం చెప్పి తిరస్కరణకు గురైనవాడి కేసు కోర్టులో గట్టిగా నిలబడుతుంది. దాచి దొరికినవాడి కేసు అలా నిలబడదు.

ఫారం నింపే ముందు అనంతపురం కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, స్త్రీలకు, పిల్లలకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

మీ స్నేహితుడి దారి వేరు. పందొమ్మిదేళ్లవాడు చట్టం దృష్టిలో పెద్దవాడే కాబట్టి 24వ సెక్షన్ అతనికి పనికిరాదు. అయితే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. యావజ్జీవ శిక్ష పడే నేరం కాకపోతే, ఇరవై ఒకటి నిండనివారిని జైలుకు పంపకుండా ఎందుకు వదలలేదో కారణాలు రాయాల్సిన బాధ్యతను ఆ చట్టం ఆరో సెక్షన్ కోర్టు మీద పెట్టింది. ఆ చట్టం కింద వదిలితే శిక్షతో వచ్చే అనర్హత ఉండదని 12వ సెక్షన్ చెబుతోంది. అతని కేసులో శిక్ష పడిందా, లేక విచారణ ఖైదీగా ఉండి వచ్చాడా అన్నది మీ ఉత్తరంలో లేదు. విచారణ ఇంకా నడుస్తుంటే ప్రొబేషన్ కోరమని అతని న్యాయవాదికి ఇప్పుడే చెప్పమనండి. తీర్పు రోజున గుర్తుచేసుకుంటే ఆలస్యమవుతుంది. మన కోర్టుల్లో అడగనందువల్లే ఈ వెసులుబాటు చాలామందికి అందడం లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: మాది కర్నూలు జిల్లాలో ఒక ఊరు. పీర్ల పండుగ నాడు జరిగిన గొడవలో పదహారేళ్ల పిల్లవాడొకడు మా తమ్ముణ్ణి కట్టెతో కొట్టాడు. చేయి విరిగింది, ఇప్పటికీ బరువు ఎత్తలేడు, సేద్యం మానుకున్నాడు. ఆ పిల్లవాడు హోమ్ నుంచి తిరిగొచ్చి మా ఇంటి ముందే నడుస్తున్నాడు. పెద్దమనుషులు వచ్చి అంతా మరిచిపోయి కలిసిపొమ్మంటున్నారు. అందరూ వాడి భవిష్యత్తు గురించే మాట్లాడుతున్నారు. మా తమ్ముడి సంగతి ఎవరికీ పట్టదా?

జవాబు: అయ్యా, మీ కోపం సరైనదే. ఈ చట్టమంతా పిల్లవాడి చుట్టూ అల్లినది. దెబ్బతిన్నవాడికి బోర్డు ముందు ఉన్న చోటు చాలా తక్కువ. బోర్డులో కూర్చున్నప్పుడు నాకే ఇది ఇబ్బందిగా అనిపించేది. క్షమించమని మిమ్మల్ని ఒత్తిడి చేసే అధికారం పెద్దమనుషులకు లేదు. మీ తమ్ముడికి ఇష్టం లేకపోతే రాజీ మాట ఇంట్లోకి రానివ్వకండి.

మీకు హక్కుగా రావలసింది మాత్రం వదులుకోవద్దు. నేరంలో గాయపడినవారికి పరిహారం ఇచ్చే పథకాన్ని ప్రతి రాష్ట్రం నడపాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షన్ చెబుతోంది. దీన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఇస్తారు. ఆసుపత్రి కాగితాలు, చేయి ఎంతవరకు పనిచేస్తోందో చెప్పే వైద్యుడి ధ్రువపత్రం, కేసు కాగితాలు తీసుకొని కర్నూలు వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. వైకల్యం నిలిచిపోయేలా ఉంటే సదరం శిబిరంలో పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకుంటే పింఛనుకు అర్హత ఉందో లేదో తేలుతుంది. ఇది పెద్దమనుషులు ఇప్పిస్తామంటున్న డబ్బుతో సంబంధం లేనిది. ఇది తీసుకున్నంత మాత్రాన ఎవరితోనూ రాజీపడినట్టు కాదు.

పిల్లవాడు ఊళ్లో ఉండటం గురించి. అతణ్ణి ఊరినుంచి వెలివేయించే హక్కు మీకు గానీ పంచాయతీకి గానీ లేదు. అలాగని మీ కళ్లముందే రోజూ తిరగాలనీ లేదు. ప్రొబేషన్ అధికారికి ఒక ఉత్తరం రాయండి. పిల్లవాణ్ణి ఎవరి పర్యవేక్షణలో వదిలారో ఆ పెద్దకు చెప్పి, పిల్లవాణ్ణి మీ బజారుకు రాకుండా వేరే దారిన పంపించమని, రాబోయే పీర్ల పండుగకు గుండం దగ్గరికి రానివ్వవద్దని అడగండి. ఇది కక్ష సాధింపు కాదు, రెండు ఇళ్లకూ రక్షణ. అతని తల్లిదండ్రులు మంచీచెడూ తెలిసినవాళ్లయితే మీరు అడగకముందే చేసి ఉండాల్సిన పని ఇది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలు ఉంటే వాళ్లను కట్టడి చేయండి. మన సీమలో రెండు ఇళ్ల మధ్య పగ పెరిగేది పెద్దల నిర్ణయంతో మాత్రమే కాదు, అరుగు మీద కూర్చున్న కుర్రవాడు వేసిన ఒక ఈలతో, దారిన పోతుంటే అన్న ఒక మాటతో కూడా. ఆ మాటకు మీ ఇంటి పదహారేళ్లవాడు కట్టె అందుకుంటే, రేపు అదే బోర్డు ముందు మీరు నిలబడాల్సి వస్తుంది.

అతను వచ్చి తప్పు ఒప్పుకోవాలని మీ తమ్ముడు ఎప్పుడైనా కోరుకుంటే, అది అతని కోరికగానే జరగాలి. గుడి దగ్గర, మసీదు దగ్గర, రచ్చకట్ట మీద పదిమంది ముందు కాళ్లు మొక్కించే తంతు వద్దు. అందులో ఒకరికి అవమానం మిగులుతుంది, రెండోవారికి ఊరు పెట్టిన బలవంతం మిగులుతుంది. న్యాయ సేవాధికార సంస్థలో శిక్షణ పొందిన మధ్యవర్తులు ఉంటారు. ఆ గదిలో నలుగురి మధ్య జరిగితే సరిపోతుంది. కోరుకోకపోతే అసలు జరగనే అక్కర్లేదు.

ప్రశ్న: నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక గ్రామ సచివాలయంలో మహిళా పోలీసుగా పనిచేస్తున్నాను. హోమ్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల పిల్లవాడి ఇంటికి నెలనెలా కానిస్టేబుల్ యూనిఫాంలో వెళ్లి ఫోటో తీసుకుంటున్నారు. దసరాకు ముందు బైండోవర్ చేసేవారి (గొడవ చేయమని పూచీకత్తు రాయించుకునేవారి) జాబితాలో అతని పేరు కూడా చేర్చమన్నారు. ఇది సరైనదేనా?

జవాబు: కాదమ్మా. దసరాకు కర్రలతో తలపడే దేవరగట్టు బన్ని ఉత్సవం దగ్గరపడితే చుట్టుపక్కల ఊళ్లలో బైండోవర్లు మామూలేనని తెలుసు, వాటి అవసరం కూడా తెలుసు. కానీ పద్దెనిమిది నిండనివారి మీద ఆ చర్యలేవీ తీసుకోకూడదని జువైనల్ జస్టిస్ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో అధ్యాయం కిందికి వచ్చే పూచీకత్తులు పిల్లలకు వర్తించవు. తహసీల్దారు ముందుకు తీసుకెళ్లడమే తప్పవుతుంది. పేరు చేర్చమన్న అధికారికి నోటిమాటగా కాదంటే మీకు ఇబ్బంది కాబట్టి, పుట్టినతేదీ ధ్రువపత్రం జతచేసి, సెక్షన్ నంబరు వేసి, మర్యాదగా ఒక నోట్ పెట్టండి.

ప్రతి స్టేషన్‌లోనూ బాలల సంక్షేమ పోలీసు అధికారిగా ఒకరిని నియమించాలి. ఆ పిల్లవాడితో మాట్లాడాల్సి వస్తే ఆయనే మాట్లాడాలి. పిల్లలతో వ్యవహరించే పోలీసులు వీలైనంతవరకు మామూలు దుస్తుల్లో ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. నెలకోసారి చూసి రావలసిందే అనుకుంటే మీరే వెళ్లండి. సచివాలయం పని మీద అన్ని ఇళ్లకూ వెళ్లినట్టే ఆ ఇంటికీ వెళ్తే ఎవరి కంటా పడదు. ఫోటోలు తీయడం మాన్పించండి.

ప్రశ్న: తాడిపత్రి దగ్గర మాకు బండల పాలిష్ ఫ్యాక్టరీ, పక్కన చిన్న క్వారీ ఉన్నాయి. మైనర్‌గా మోటారు సైకిల్ నడిపి ఒక వృద్ధుడి మరణానికి కారణమైన అబ్బాయిని పనిలో పెట్టుకోమని బంధువులు అడుగుతున్నారు. అతనికి పదిహేడున్నర. క్లీనరుగా చేర్చుకొని తర్వాత లారీ డ్రైవర్‌ను చేద్దామని నా ఆలోచన.

జవాబు: పెట్టుకోవాలన్న మీ మనసు మంచిదే గానీ, మీకున్న ఆ రెండు చోట్లా అతనికి దారి లేదు. క్వారీ గనుల కిందికి వస్తుంది కాబట్టి పద్దెనిమిది నిండనివారిని అక్కడ పనిలో పెట్టడం బాల కార్మిక చట్టం ప్రకారం నేరం. పాలిష్ మిషన్ల దగ్గర, చట్టం సంగతి అటుంచినా, రాతి దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో తాడిపత్రి దగ్గర ఉండి మీకు నేను చెప్పాల్సిన అవసరం లేదు. ఇంకో ఆరు నెలలు ఆగండి. ఈలోగా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ గానీ ఫిట్టర్ గానీ చేరితే, మీకే తర్వాత చేతికింద పనికొచ్చేవాడవుతాడు.

డ్రైవర్ సంగతి ఇంకా కష్టం. మైనర్‌గా ఉండి వాహనం నడిపి మోటారు వాహనాల చట్టం కింద నేరం చేసినవారికి పాతికేళ్లు నిండేదాకా లర్నర్ లైసెన్సు కూడా ఇవ్వకూడదని 2019 సవరణలో చేర్చిన 199ఏ సెక్షన్ చెబుతోంది. క్లీనరుగా పంపితే, రాత్రిపూట దారిలో డ్రైవర్ నిద్ర వస్తోందని స్టీరింగ్ అప్పగించే రోజు ఒకటి వస్తుంది. ఆ ఏర్పాటే వద్దు. పద్దెనిమిది నిండాక లోడింగ్ లెక్కలు, వేబ్రిడ్జి చీటీలు చూసే పనిలో పెట్టండి. కూలి మిగతా వాళ్లకు ఇచ్చేంతే ఇవ్వండి, కేసు ఉందన్న వంక మీద ఒక్క రూపాయి తగ్గించకండి, చేరిన రోజు నుంచే ఈఎస్ఐ, పీఎఫ్ కట్టండి.